ఆట-లెక్క: తొలినాటి బీఏఏ మేటి జట్లపై మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం గురించి. ఎన్‌బీఏ (నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్) అనే పేరు రాకముందు అమెరికాలో మూడేళ్లు నడిచిన బాస్కెట్‌బాల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా, అంటే బీఏఏ, సీజన్ చివర ఎంపిక చేసిన మేటి ఆటగాళ్ల జట్ల మీదే అందరి సందేహాలూ. ఒకే సంగతి అడిగిన వాటిని కలిపేసి, ఒక్కో ప్రశ్నగా ఇస్తున్నాం.

ప్రశ్న: ఎన్‌బీఏ పాత రికార్డుల్లో 1947, 48, 49 సంవత్సరాల దగ్గర ‘ఆల్-బీఏఏ’ అని కనిపిస్తోంది. ఏమిటిది? ఆ జట్లలో ఎవరెవరు ఉన్నారో పూర్తిగా ఇవ్వగలరా?

జవాబు: 1946 జూన్ 6న న్యూయార్క్‌లో పుట్టిన లీగ్ ఇది. పెట్టినవాళ్లలో చాలామంది ఐస్ హాకీ హాళ్ల యజమానులు. హాకీ లేని రాత్రుల్లో హాలు ఖాళీగా పడి ఉండకూడదు, టికెట్లు అమ్ముడవ్వాలి, అదీ వాళ్ల లెక్క. అధ్యక్షుడిగా తెచ్చుకున్న మారిస్ పొడొలాఫ్ కూడా అప్పటికే అమెరికన్ హాకీ లీగ్‌ను నడుపుతున్న మనిషే. మొదటి మ్యాచ్ 1946 నవంబర్ 1న టొరంటోలో జరిగింది. న్యూయార్క్ నికర్‌బాకర్స్ 68, టొరంటో హస్కీస్ 66. ఆ ఏడు 11 జట్లు దిగాయి. 1949 ఆగస్టు 3న పోటీ లీగ్ అయిన నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ (ఎన్‌బీఎల్) వచ్చి ఇందులో కలిసింది. అప్పుడు పెట్టుకున్న పేరే ఎన్‌బీఏ. బీఏఏ మూడు సీజన్లనూ ఎన్‌బీఏ తన సొంత చరిత్రగానే లెక్కేసుకుంటుంది కాబట్టి, ఆల్-బీఏఏ జట్లు నేటి ఆల్-ఎన్‌బీఏ జట్లకు మొదటి మూడు మెట్లు అన్నమాట.

ఇక పేర్లు. సంవత్సరం దగ్గర ఒక జాగ్రత్త: పట్టికల్లో ‘1947’ అని ఉంటే 1946-47 సీజన్ అని అర్థం, అంటే సీజన్ ముగిసిన ఏడాది. దీన్ని 1947-48గా చదివి ఒక ఏడాది పక్కకు జరిగిపోయేవాళ్లు చాలామంది.

1946-47 మొదటి జట్టు: జో ఫల్క్స్ (ఫిలడెల్ఫియా), బాబ్ ఫీరిక్ (వాషింగ్టన్), బోన్స్ మెకిన్నీ (వాషింగ్టన్), స్టాన్ మియాసెక్ (డెట్రాయిట్), మ్యాక్స్ జస్లోఫ్‌స్కీ (షికాగో). రెండో జట్టు: ఎర్నీ కాల్వర్లీ (ప్రావిడెన్స్), ఫ్రాంక్ బామ్‌హోల్ట్జ్ (క్లీవ్‌లాండ్), జాన్ లోగన్ (సెయింట్ లూయిస్), చక్ హాల్బర్ట్ (షికాగో), ఫ్రెడ్ స్కొలారి (వాషింగ్టన్).

1947-48 మొదటి జట్టు: ఫల్క్స్, జస్లోఫ్‌స్కీ, ఫీరిక్ మళ్లీ ఉన్నారు. కొత్తగా ఎడ్ సడౌస్కీ (బోస్టన్), హౌవీ డాల్మర్ (ఫిలడెల్ఫియా). రెండో జట్టు: లోగన్, స్కొలారి, కార్ల్ బ్రాన్ (న్యూయార్క్), బడ్డీ జానెట్ (బాల్టిమోర్), ఈసారి షికాగోకు మారిన మియాసెక్.

1948-49 మొదటి జట్టు: జార్జ్ మైకన్, జిమ్ పొలార్డ్ (ఇద్దరూ మినియాపొలిస్), బాబ్ డేవిస్ (రాచెస్టర్), ఫల్క్స్, జస్లోఫ్‌స్కీ. రెండో జట్టు: ఆర్నీ రైజన్ (రాచెస్టర్), ఫీరిక్, మెకిన్నీ, కెన్నీ సెయిలర్స్ (ప్రావిడెన్స్), లోగన్.

సీజన్‌కు పది చోట్ల చొప్పున మొత్తం 30. పంచుకున్నది మాత్రం 19 మందే. మూడుసార్లూ మొదటి జట్టులో నిలిచింది ఫల్క్స్, జస్లోఫ్‌స్కీ ఇద్దరే. సెయింట్ లూయిస్ లోగన్‌ది ఇంకో రకం నిలకడ, మూడుసార్లూ రెండో జట్టే. బామ్‌హోల్ట్జ్ అయితే ఒకే ఒక్క సీజన్ ఆడి, జాబితాలో పేరు వేయించుకుని, సిన్సినాటి రెడ్స్ తరఫున బేస్‌బాల్ ఆడుకోవడానికి వెళ్లిపోయాడు.

ప్రశ్న: ఈ ఐదుగురిలో గార్డు ఎవరు, ఫార్వర్డ్ ఎవరు, సెంటర్ ఎవరు? ఎక్కడా రాసి లేదేం?

జవాబు: రాయలేదు, ఎందుకంటే ఎంపికలో పొజిషన్, అంటే కోర్టులో ఆడే స్థానం, చూడలేదు. 1955 దాకా ఇదే పద్ధతి. ఇద్దరు గార్డులు, ఇద్దరు ఫార్వర్డ్‌లు, ఒక సెంటర్ ఉండి తీరాలన్న నియమం 1956 నుంచి వచ్చింది. 2023-24 నుంచి మళ్లీ పొజిషన్ లేని ఎంపికే. 1947 జట్టులో మియాసెక్‌ను ‘సెంటర్’ అని చూపించే పట్టికలు తర్వాతివాళ్లు అతను ఆడిన చోటును బట్టి అతికించినవి. తప్పేమీ కాదు, కానీ ఓటు ఆ ప్రకారం పడలేదు.

ప్రశ్న: 1947-48లో ఫల్క్స్ సగటు 22.1, జస్లోఫ్‌స్కీ సగటు 21.0. మరి ఆ సీజన్ టాప్ స్కోరర్‌గా జస్లోఫ్‌స్కీ పేరు ఎలా ఉంది? అచ్చుతప్పా?

జవాబు: అచ్చుతప్పు కాదు. ఈ ప్రశ్న దాదాపు ప్రతి నెలా వస్తుంది, అందుకే కాస్త విడమరిచి చెబుతాం.

అప్పట్లో స్కోరింగ్ టైటిల్‌కు మ్యాచ్‌కు సగటు కాదు, సీజన్ మొత్తం పాయింట్లే లెక్క. ఆ ఏడు లీగ్ 48 మ్యాచ్‌లకు కుదించుకుంది. జస్లోఫ్‌స్కీ 48కి 48 ఆడాడు. ఫీల్డ్ గోల్స్ (ఆట సాగుతుండగా బుట్టలో పడేసినవి) 373, ఫ్రీ త్రోలు (ఫౌల్ జరిగితే ఎవరూ అడ్డుకోకుండా వేయనిచ్చేవి) 261. ఫీల్డ్ గోల్‌కు రెండు, ఫ్రీ త్రోకు ఒకటి చొప్పున వేసుకోండి: 746కి 261 కలిపితే 1007. మూడు పాయింట్ల గీత ఇంకా లేదు కాబట్టి లెక్క ఇంత సులువు. ఫల్క్స్ ఆడింది 43 మ్యాచ్‌లు. 326 ఫీల్డ్ గోల్స్, 297 ఫ్రీ త్రోలు, అంటే 652కి 297 కలిపి 949. తేడా 58 పాయింట్లు. ఆడని ఆ ఐదు మ్యాచ్‌ల్లో మ్యాచ్‌కు 12 చొప్పున కొట్టినా ఫల్క్స్ ముందుండేవాడు, అతని మామూలు ఊపులో అది సగం పని. కానీ ‘ఆడి ఉంటే’ అన్నదానికి పాయింట్లు రావు కదా. టైటిల్ జస్లోఫ్‌స్కీది. అప్పటికి అతని వయసు 22. 2010లో 21 ఏళ్ల కెవిన్ డురాంట్ వచ్చేదాకా అతి చిన్న వయసు టాప్ స్కోరర్ రికార్డు అతనిదే.

మొత్తం పాయింట్ల పద్ధతి పోయి సగటు పద్ధతి వచ్చింది 1969-70 సీజన్ నుంచి. కాబట్టి అంతకుముందు ఏ ఏడాది పట్టిక చూసినా రెండు నిలువు వరసలూ చూడాలి. సగటు వరసను మాత్రమే పైనుంచి కిందికి సర్ది, మొదటి పేరునే విజేత అనేసుకుంటే 1947-48 దగ్గర కచ్చితంగా బోల్తా పడతారు.

మేటి జట్టుకు మాత్రం ఈ గొడవ అంటలేదు. ఇద్దరూ మొదటి జట్టులోనే ఉన్నారు.

ప్రశ్న: ఫల్క్స్ షూటింగ్ శాతం 30 దగ్గరే ఉంది. నేటి లెక్కన అలాంటివాడిని జట్టులోంచే తీసేస్తారు. మూడుసార్లు మొదటి జట్టులో ఎలా వేశారు?

జవాబు: మీరు చెప్పిన శాతం నిజమే. 1946-47లో 1557 సార్లు వేసి 475 పడేశాడు, అంటే 30.5 శాతం. అయితే దాన్ని నేటి ఆటగాడి పక్కన కాదు, ఆ ఏడాది లీగ్ సగటు పక్కన పెట్టి చూడాలి. ఆ సగటు 27.9 శాతం. అంటే లీగ్ అంతా కలిసి నూరు వేస్తే 28 పడే రోజుల్లో ఇతను 30కి పైన ఉన్నాడు. లీగ్‌లోకెల్లా ఉత్తమ శాతం ఫీరిక్‌ది, అదీ 40.1 మాత్రమే.

ఎందుకంత తక్కువ? అప్పటికి చాలామంది నేల మీద కాళ్లు ఆనించి రెండు చేతులతో దూరం నుంచి వేసేవాళ్లు. గాల్లోకి ఎగిరి ఒంటిచేత్తో వేసే జంప్ షాట్ అప్పుడప్పుడే వస్తోంది. దాన్ని జనంలోకి తెచ్చినవాళ్లలో ఫల్క్స్ ఒకడు, ‘జంపింగ్ జో’ అన్న పేరు అందుకే. 1949 జాబితాలోని సెయిలర్స్ కూడా ఆ దారిలో ముందు నడిచినవాడే. పైగా హాకీ మంచు మీద చెక్కలు పరిచి ఆడే కోర్టుల్లో చలి, తేమ, జారుడు. జోన్ డిఫెన్స్‌ను (మనిషిని కాక చోటును కాపలా కాసే పద్ధతి) లీగ్ 1947 జనవరిలో, అంటే మొదటి సీజన్ మధ్యలో, నిషేధించింది. అందాకా ఐదుగురూ బుట్ట కింద గుంపుకట్టి నిలబడేవాళ్లు.

ఇప్పుడు అసలు సంగతి. 1946-47లో ఫల్క్స్ మొత్తం పాయింట్లు 1389, రెండో స్థానంలో ఉన్న ఫీరిక్‌వి 926. భాగించి చూడండి, సరిగ్గా ఒకటిన్నర రెట్లు. పిసరు అటూ ఇటూ కాదు. ఒక్కో జట్టు మ్యాచ్‌కు సగటున 67.8 పాయింట్లు చేసే లీగ్‌లో ఒక్కడు 23.2 చేశాడు. ఓటు వేసేవాడికి కళ్లకు కనిపించింది అదే.

అయినా మీ అనుమానంలో పస లేకపోలేదు. ఒక్కో ప్రయత్నానికి ఎంత రాబట్టాడో తేల్చే పద్ధతి ఇప్పుడుంది. ఫ్రీ త్రో ప్రయత్నాలను 0.44తో గుణించి ఫీల్డ్ గోల్ ప్రయత్నాలకు కలపండి. వచ్చినదాన్ని రెట్టింపు చేసి, దానితో పాయింట్లను భాగించండి. ఫల్క్స్‌కు 601 ఫ్రీ త్రో ప్రయత్నాలు, 0.44తో గుణిస్తే 264. 1557కి కలిపితే 1821, రెట్టింపు 3642. 1389ను దానితో భాగిస్తే 38 శాతం. ఫీరిక్‌కు 908 ఫీల్డ్ గోల్ ప్రయత్నాలు, 260 ఫ్రీ త్రో ప్రయత్నాలు. ఇదే లెక్క వేస్తే 45 శాతం వస్తుంది. అంటే దొరికిన ప్రతి బంతినీ ఎక్కువ పొదుపుగా వాడుకున్నది ఫీరిక్. ఒక హెచ్చరిక: 0.44 అన్నది తర్వాతి కాలపు ఆటను చూసి కట్టిన సంఖ్య. అప్పటి ఫౌల్ నియమాలు వేరు కాబట్టి ఇద్దరిని పోల్చడానికి పనికొస్తుంది గానీ, దశాంశ స్థానం దాకా నమ్మి పందెం కాయకండి.

మా మాట అడిగితే 1947లో ఫల్క్స్ ఎంపికను తప్పుపట్టలేం. 1948లో మాత్రం తటపటాయిస్తాం. ఆ ఏడు 1258 సార్లు వేసి 326 మాత్రమే పడేశాడు, 25.9 శాతం. లీగ్ సగటు 28.4 కన్నా కిందికి దిగిపోయాడు. ఆపైన ఐదు మ్యాచ్‌లు ఆడలేదు. అప్పటి పత్రికల్లో శాతాల కన్నా పాయింట్లే పెద్ద అక్షరాల్లో ఉండేవి, అది అతనికి కలిసొచ్చింది. 1949 వచ్చేసరికి మళ్లీ లేచాడు. ఫిబ్రవరి 10న ఇండియానాపొలిస్ జెట్స్ మీద ఒక్క మ్యాచ్‌లో 63 పాయింట్లు: 56 ప్రయత్నాల్లో 27 ఫీల్డ్ గోల్స్, 14 ఫ్రీ త్రోల్లో 9. ఆ రికార్డు 1959 నవంబర్‌లో ఎల్గిన్ బేలర్ 64 కొట్టేదాకా చెక్కుచెదరలేదు. షాట్ క్లాక్ లేని కాలంలో, బంతి పట్టుకుని కాలయాపన చేసినా అడిగేవాడు లేని ఆటలో, 56 ప్రయత్నాలు దొరకడమే ఒక వింత.

ప్రశ్న: 1946-47లో వాషింగ్టన్ నుంచి ముగ్గురు, కప్పు గెలిచిన ఫిలడెల్ఫియా నుంచి ఒక్కడే. ఇదేం న్యాయం?

జవాబు: మేటి జట్టు లీగ్ దశకు చెందింది, ప్లేఆఫ్‌లకు (లీగ్ దశ తర్వాత కప్పు కోసం జరిగే పోటీలకు) కాదు. లీగ్ దశలో రెడ్ అవర్‌బాక్ శిక్షణలో వాషింగ్టన్ క్యాపిటల్స్ 49 గెలిచి 11 ఓడింది. ఫిలడెల్ఫియా వారియర్స్ 35 గెలిచి 25 ఓడింది. పది పేర్లలో మూడు వాషింగ్టన్‌వి కావడంలో ఆశ్చర్యం లేదు. ఆ ముగ్గురిలో స్కొలారి ఫ్రీ త్రోల్లో లీగ్ మొత్తానికి మొదటివాడు, 81.1 శాతం.

ఇక ప్లేఆఫ్ అమరిక విచిత్రంగా ఉండేది. తూర్పు విజేత, పశ్చిమ విజేత సెమీఫైనల్లోనే తలపడాలి. వాషింగ్టన్‌ను షికాగో స్టాగ్స్ 4-2తో ఇంటికి పంపింది. ఆ షికాగోను ఫైనల్లో ఫిలడెల్ఫియా 4-1తో ఓడించింది. తర్వాతి ఏడూ ఇదే తంతు. కప్పు గెలిచిన బాల్టిమోర్ బుల్లెట్స్ నుంచి మొత్తం పదిమందిలో ఉన్నది బడ్డీ జానెట్ ఒక్కడే, అతనూ రెండో జట్టులో. ఆడుతూనే ఆ జట్టుకు కోచ్‌గా కూడా ఉన్నాడు జానెట్. కోచింగ్‌కు అప్పటికి అవార్డు లేదు.

ప్రశ్న: ఎడ్ సడౌస్కీ 1946-47లో మ్యాచ్‌కు 16.5 పాయింట్లు చేశాడు, ఫీరిక్ తర్వాత అతనే. రెండు జట్లలోనూ లేడు. కారణం?

జవాబు: మంచి చోట వేలు పెట్టారు. ఓటు వేసినవాళ్ల మనసులో ఏముందో చెప్పడానికి కాగితం లేదు గానీ, అంకెలు కొంత చెబుతాయి. అతను 53 మ్యాచ్‌ల్లో 877 పాయింట్లు చేశాడు. మొదటి జట్టుకు వెళ్లిన జస్లోఫ్‌స్కీవి కూడా సరిగ్గా 877, కాకపోతే 61 మ్యాచ్‌ల్లో. మొత్తం చూస్తే సమానం, సగటు చూస్తే సడౌస్కీ రెండు పాయింట్లు పైన. సడౌస్కీ టొరంటోలో ఆటగాడు-కోచ్‌గా మొదలుపెట్టి, సీజన్ మధ్యలో క్లీవ్‌లాండ్‌కు చేరాడు. కొంత ఇక్కడ, కొంత అక్కడ ఆడినవాడిని ‘మావాడు’ అని ముందుకు తోసే ఊరు ఉండదు. పైగా జస్లోఫ్‌స్కీ ఆడింది పశ్చిమ విభాగంలో అగ్రస్థానంలో నిలిచిన షికాగోకు. మా దృష్టిలో ఆ పదిమందిలో సడౌస్కీకి చోటు ఉండాల్సింది. మరుసటి ఏడు బోస్టన్ చొక్కాలో మొదటి జట్టుకే వచ్చాడు.

మియాసెక్ ఎంపిక ఇందుకు అచ్చంగా ఎదురు ఉదాహరణ. అతని డెట్రాయిట్ ఫాల్కన్స్ 20 గెలిచి 40 ఓడింది, సీజన్ అవగానే మూతబడింది కూడా. అయినా 60 మ్యాచ్‌లూ ఒకే చొక్కాతో ఆడి 895 పాయింట్లు చేశాడు, మొత్తంలో మూడో స్థానం.

ప్రశ్న: రీబౌండ్లు (గురి తప్పి వచ్చిన బంతిని అందుకోవడం), అసిస్ట్‌లు (బుట్ట పడేలా తోటివాడికి బంతి అందించడం) చూసి ఎంపిక చేసేవారా?

జవాబు: రీబౌండ్లు చూడలేరు, ఎందుకంటే లెక్కపెట్టలేదు. అధికారికంగా రీబౌండ్లు రాయడం 1950-51లో, ఆడిన నిమిషాలు రాయడం 1951-52లో మొదలయ్యాయి. స్టీల్స్, బ్లాక్‌లు 1973-74 దాకా లేవు. ఏ పట్టికలోనైనా 1947 ఆటగాడికి ‘రీబౌండ్లు: 0’ అని కనిపిస్తే అది సున్నా కాదు, ఖాళీ. కంప్యూటర్‌లో పట్టిక తయారు చేసుకునేవాళ్లు ఖాళీని సున్నాగా వేసి సగటు తీస్తే అంతా తలకిందులవుతుంది.

అసిస్ట్‌లు రాశారు, కానీ పిసినారిగా. మొదటి సీజన్‌లో అందరికన్నా ఎక్కువ ఇచ్చిన కాల్వర్లీకి మొత్తం 202, మ్యాచ్‌కు 3.4. మరుసటి ఏడు డాల్మర్ 120తోనే మొదటివాడయ్యాడు, మ్యాచ్‌కు 2.5. అసిస్ట్ రాయడంలో ఇప్పటికన్నా పట్టుగా ఉన్న రోజులవి. 1949లో బాబ్ డేవిస్ 321 చేసి మ్యాచ్‌కు 5.4కు తీసుకెళ్లాడు. డాల్మర్ మొదటి జట్టులోకి రావడానికి ఈ అసిస్ట్‌ల పట్టికే పెద్ద దన్ను అయి ఉండాలి.

ప్రశ్న: 1947, 48, 49లో ఎంవీపీ (సీజన్‌లో అత్యంత విలువైన ఆటగాడు) ఎవరు? ఒక్కోచోట ఒక్కో పేరు కనిపిస్తోంది.

జవాబు: ఎవరూ కాదు. బీఏఏ ఎంవీపీ అవార్డు ఇవ్వలేదు. ఎన్‌బీఏలో మొదటి ఎంవీపీ 1955-56లో సెయింట్ లూయిస్ హాక్స్ ఆటగాడు బాబ్ పెటిట్. అప్పట్లో ఓటు వేసింది ఆటగాళ్లే, పత్రికలవాళ్ల చేతికి అది 1980-81లో వచ్చింది. మరి ఆ పేర్లు ఎక్కడివి అంటారా? ఎక్కువగా ఎన్‌బీఎల్‌వి. ఆ లీగ్ 1937 నుంచి ఉంది, గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్ లాంటి కంపెనీల జట్లతో మొదలైంది, ఎంవీపీని ఎంపిక చేసేది. ఓష్‌కోష్ జట్టు లెరాయ్ ఎడ్వర్డ్స్ మొదటి మూడేళ్లూ ఎంవీపీ. 1947కు డేవిస్, 1948కి మైకన్. ఇద్దరూ ఆ తర్వాత తమ జట్లతో సహా బీఏఏకు మారారు కాబట్టి, జీవిత వివరాల్లో రెండు లీగ్‌ల గౌరవాలూ ఒకే వరసలో పడి కలిసిపోతాయి.

‘రూకీ ఆఫ్ ది ఇయర్’, అంటే ఆ ఏటి మేటి కొత్త ఆటగాడి అవార్డుతోనూ ఇదే చిక్కు. అధికారికంగా మొదటివాడు 1952-53లో ఫోర్ట్ వేన్ ఆటగాడు డాన్ మైనికీ. అంతకుముందు కనిపించే పేర్లు, ఉదాహరణకు 1948కి బాల్టిమోర్ ఆటగాడు పాల్ హాఫ్‌మన్, పత్రికా రచయితల ఎంపికలు. లీగ్ వాటిని తన జాబితాలో వేసుకోలేదు. ఆల్-స్టార్ మ్యాచ్ కూడా బీఏఏలో లేదు, మొదటిది 1951 మార్చి 2న బోస్టన్‌లో జరిగింది. కాబట్టి ఆ మూడేళ్లలో ఆటగాడికి లీగ్ ఇచ్చిన సీజన్ గౌరవం అంటే ఈ రెండు జట్లే, ఇంకేమీ లేదు.

ప్రశ్న: మైకన్ 1948లో కూడా పెద్ద ఆటగాడే కదా, ఆ ఏడు ఆల్-బీఏఏలో ఎందుకు లేడు?

జవాబు: అప్పుడు అతను ఎన్‌బీఎల్‌లో ఉన్నాడు. 56 మ్యాచ్‌ల్లో 1195 పాయింట్లు చేశాడు. 1948లో మినియాపొలిస్, రాచెస్టర్, ఫోర్ట్ వేన్, ఇండియానాపొలిస్ జట్లు ఆ లీగ్‌ను వదిలి ఇటు వచ్చాయి. వచ్చిన ఏడే మొదటి జట్టులో ముగ్గురు వాళ్లే: మైకన్, పొలార్డ్, డేవిస్. బీఏఏ పాత కాపులకు మిగిలినవి రెండు చోట్లు. ఒక్క సీజన్‌లో లీగ్ స్థాయి ఎంత మారిందో ఇంతకన్నా స్పష్టంగా ఏ అంకె చెప్పదు.

మైకన్ ఆ ఏడు 60 మ్యాచ్‌ల్లో 1698 పాయింట్లు చేశాడు, మ్యాచ్‌కు 28.3. షూటింగ్ 41.6 శాతం, లీగ్ సగటు 32.7. ఇందాకటి 0.44 లెక్క వేస్తే దాదాపు 50 శాతం తేలుతుంది. అదే సీజన్‌లో 1560 చేసిన ఫల్క్స్‌కు 40 కూడా రాదు.

ఎన్‌బీఎల్ గౌరవాలను ఎన్‌బీఏ తన లెక్కలో కలపదు. కాబట్టి మైకన్‌కు ‘ఆల్-ఎన్‌బీఏ మొదటి జట్టు ఆరుసార్లు’ అన్నది 1949 నుంచి 1954 దాకా మాత్రమే. ఎన్‌బీఎల్‌లో దక్కిన రెండు ఎంపికలూ విడిగా రాసుకోవాలి.

ప్రశ్న: ఈ జాబితాల్లో నల్లజాతి ఆటగాడు ఒక్కడూ కనిపించడేం?

జవాబు: బీఏఏ మూడు సీజన్లలో ఒక్క నల్లజాతి ఆటగాడినీ దింపలేదు. ఎంపిక చేసినవాళ్ల చూపు కాదు సమస్య, కోర్టు గడపే దాటనివ్వలేదు. తెల్లజాతి కానివాడు ఒక్కడే ఆడాడు, జపనీస్-అమెరికన్ వాట్ మిసాకా, 1947-48లో న్యూయార్క్ తరఫున, మూడు మ్యాచ్‌లు. ప్రతిభ లేక కాదు. 1939లో షికాగోలో మొదలైన వరల్డ్ ప్రొఫెషనల్ టోర్నమెంట్‌ను మొదటి ఏడు గెలిచింది పూర్తిగా నల్లజాతి ఆటగాళ్ల జట్టు న్యూయార్క్ రెనెసాన్స్. రెండో ఏడు గెలిచింది హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్. ఎన్‌బీఎల్ 1942-43లోనే తలుపు తెరిచింది. 1948-49 మధ్యలో రెనెసాన్స్ జట్టే డేటన్ పేరుతో ఆ లీగ్‌లో ఆడింది. ఎన్‌బీఏలో మొదటిగా కోర్టులో దిగినవాడు ఎర్ల్ లాయిడ్, 1950 అక్టోబర్ 31న. అందుకే ‘1947లో అమెరికాలో మేటి ఐదుగురు’ అని ఆల్-బీఏఏ జాబితాను చూపిస్తే ఒప్పుకోకండి. అది బీఏఏలో ఆడనిచ్చినవాళ్లలో మేటి ఐదుగురు, అంతవరకే.

ప్రశ్న: మూడు సీజన్లూ కలిపి వరస కట్టాలంటే ఎలా?

జవాబు: నేటి ఓటింగ్‌లో మొదటి జట్టు ఓటుకు 5, రెండో జట్టు ఓటుకు 3 మార్కులు. అదే కొలతను ఓటుకు బదులు ఎంపికకు వాడండి. ఫల్క్స్ 15, జస్లోఫ్‌స్కీ 15, ఫీరిక్ 13, లోగన్ 9, మెకిన్నీ 8, మియాసెక్ 8, స్కొలారి 6. మైకన్‌కు ఒక్క సీజనే కాబట్టి 5. ఈ వరసలో అతను లోగన్ కన్నా కింద ఉన్నాడంటే, కొలత దేనికి పనికొస్తుందో దేనికి పనికిరాదో మీకే తెలుస్తుంది. ఎన్ని సీజన్లు బీఏఏలో ఆడాడో పక్కన ఒక వరస పెట్టి, దానితో భాగించి చూడండి.

ప్రశ్న: మేటి జట్టులో ఉంటే జీతం పెరిగేదా?

జవాబు: మొదటి సీజన్‌లో జట్టు మొత్తం జీతాలకు గరిష్ఠ పరిమితి 55,000 డాలర్లు. ఫల్క్స్ ఒప్పందం 8,000 డాలర్లని చెబుతారు. అంత కట్టడిలో పేరు తెచ్చేది తక్కువే. ఉద్యోగ భద్రత మాట సరేసరి. నాలుగేళ్లు వరసగా, అంటే 1950లో ఎన్‌బీఏ పేరుతో వచ్చిన జాబితాతో కలిపి, మొదటి జట్టులో ఉన్న జస్లోఫ్‌స్కీ కథ చూడండి. 1950లో షికాగో స్టాగ్స్ మూతబడింది. ఆటగాళ్లను పంచుకునేటప్పుడు ముగ్గురి దగ్గర బేరం తెగలేదు: జస్లోఫ్‌స్కీ, ఆండీ ఫిలిప్, ఇంకా ఒక్క మ్యాచ్ కూడా ఆడని కుర్రాడు బాబ్ కూజీ. మూడు పేర్లూ చీటీల మీద రాసి టోపీలో వేశారు. జస్లోఫ్‌స్కీ చీటీ న్యూయార్క్‌కు పోయింది, ఫిలిప్‌ది ఫిలడెల్ఫియాకు. ఎవరికీ పెద్దగా అక్కర్లేని కూజీ చీటీ బోస్టన్‌కు మిగిలింది. 1952 నుంచి 1961 దాకా వరసగా పదేళ్లు ఆల్-ఎన్‌బీఏ మొదటి జట్టులో ఆ పేరే ఉంది.